గుర్రం బొమ్మ పాస్‌పోర్టు

చంద్రిక లండన్‌లో పుట్టడానికి కారణం మజ్బూస్. మాంసం, బియ్యం కలిపి వండే ఆ అరబ్బుల అన్నం అంకాలమ్మ చేత్తో వండితే తప్ప మామాకు, అంటే ఆమె పనిచేసే కువైట్ ఇంటి యజమానురాలికి, ముద్ద దిగదు. కువైట్‌లో డబ్బున్నవాళ్లంతా ఎండాకాలం లండన్ పోతారు. మామా కూడా పోతుంది, వెంట వంటమనిషిని తీసుకుపోతుంది. ఆ యేడు వంటమనిషికి ఏడో నెల. "కాన్పుకి ఇంకా టైముంది, యల్లా, పద" అని మామా విమానం ఎక్కించింది. ఇల్లంతా మామా మాట వింటుంది గానీ కడుపులో బిడ్డ వినలేదు. నెల ముందే బయటికొచ్చేసింది.

ఆ దేశంలో పుట్టిన బిడ్డ ఆ దేశపు మనిషే అవుతుందని మామాకు ఎవరో చెప్పారు. ఆమె సరదాపడి బిడ్డకు అక్కడి పాస్‌పోర్టు తీయించింది. మామా సరదాలు అలాగే ఉంటాయి. కువైట్‌కు తిరిగొచ్చాక అంకాలమ్మ మొగుడు గంగులయ్య, ఆ ఇంటి డ్రైవరు, ఇదేం గోలరా అని జంకి, ఇండియా ఎంబసీకి పోయి బిడ్డకు మన పాస్‌పోర్టు కూడా చేయించాడు. రెండూ పెట్టుకోకూడదని ఆ తర్వాత తెలిసింది. తెలిసినాక అతను చేసిన పని ఒక్కటే, ఆ సంగతి ఎవరితోనూ అనకపోవడం. అంకాలమ్మకు చదువు రాదు. అట్టల మీద బొమ్మలు చూసి వాటికి పేర్లు పెట్టుకుంది. ఒకటి మూడు సింహాలది, ఇంకోటి గుర్రం బొమ్మది.

పనివాళ్ల పాస్‌పోర్టులు కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని దగ్గరే ఉంటాయి. అది అక్కడి రివాజు. గంగులయ్యవీ, అంకాలమ్మవీ, చంద్రికవి రెండూ, అన్నీ జాబ్రియాలో మామా పడగ్గదిలోని ఇనప్పెట్టెలో ఉండేవి. తాళం మామా సంచిలో ఉండేది. ఊరికి పోయేటప్పుడు మూడు సింహాలవి బయటికి వచ్చేవి, తిరిగి రాగానే లోపలికి పోయేవి. గుర్రం బొమ్మదాన్ని పద్దెనిమిదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

చంద్రిక మాత్రం పట్టించుకుంది. హవల్లీలో ఇండియన్ స్కూల్లో చదివినన్నాళ్లూ తను లండన్‌లో పుట్టానని చెప్పుకోని రోజు లేదు. నాయన డ్రైవరని చెప్పుకున్న రోజూ లేదు. చెడ్డపిల్ల కాదు. చదువుతుంది, మామా తల్లి పెద్దమామాకు వేళకు మందులు వేస్తుంది, అమ్మకు కూరలు తరిగిస్తుంది. కానీ ఆ గుర్రం బొమ్మ ఆమె తలలో ఎక్కి కూర్చుంది.

తొంభైలో పన్నెండో తరగతి అయిపోయింది. రాజంపేటలో ఉన్న మేనమామ మునీంద్ర తిరుపతి ఆడపిల్లల కాలేజీలో సీటు మాట్లాడి పెట్టాడు. హాస్టలు ఉంది, ఆదివారం ఆదివారం వచ్చి చూసిపోతానన్నాడు. ఇటు మామా, లండన్‌లో చదువుకో, నా ఫ్లాట్‌లోనే ఉండు, ఖర్చు నాది అంది. మామాకు అక్కడే బడిలో చదివే చిన్నపిల్లలు ఇద్దరున్నారు. పిల్లకు చదువూ అవుతుంది, తన పిల్లల్ని చూసుకునే మనిషీ దొరుకుతుంది. మామా అంత అమాయకురాలేం కాదు. ఆ సంగతి చంద్రికకు అర్థమైంది. అర్థమైనా లండన్ లండనే. కాలేజీ కాగితాల మీద దాని నంబరు రాయాలని చెప్పి, మామా బయల్దేరే ముందు గుర్రం బొమ్మదాన్ని ఇనప్పెట్టెలోంచి బయటికి తీయించుకుంది.

ఆ కాన్పు తర్వాత మామా అంకాలమ్మను మళ్లీ లండన్ తీసుకుపోలేదు. ప్రతి యేడూ మామా అటు పోగానే వీళ్లు ముగ్గురూ ఊరికి పోయేవాళ్లు. ఆ యేడు కూడా జూలై ఆఖరుకు టిక్కెట్లు చూశాడు గంగులయ్య. పెద్దమామాను ఆమె కొడుకు అబూ సాలెం రుమైథియాలో తన ఇంటికి తీసుకుపోవాలని, తన దగ్గరున్న రెండో తాళంతో పాస్‌పోర్టులు అతనే తీసివ్వాలని అనుకున్నారు. పెద్దమామా తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది, ప్రయాణాలు చేయలేదు.

"లండన్ కాలేజీవాళ్ల మాట తెలిసేదాకా ఆగుదాం నాయనా," అంది చంద్రిక. "ఊరికి పోతే మామా ఫోన్ చేసినా అందదు. ఆగస్టులో పోదాం."

"ఈడ్నే ఉంటాం గదా, ఇంక ముసలామెను కదిలించేది దేనికి? నేను చూసుకుంటా," అంది అంకాలమ్మ. అబూ సాలెంకు అంతకంటే కావాల్సిందేముంది, సరేనన్నాడు.

జూలై చివర మామా ఫోన్ చేసింది. కాలేజీ ఒప్పుకుంది. చంద్రిక ఎగిరి గంతేసింది. అదే వారంలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది.

మొదటి రోజుల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. ట్యాంకులు రోడ్లమీద తిరిగాయి, దుకాణాలు లూటీ అయ్యాయి, బయటి దేశాలకు ఫోన్లు ఆగిపోయాయి. గ్యారేజీలో ఉన్న రెండు కార్లూ సైనికులు తోలుకుపోయారు. రుమైథియాలో అబూ సాలెం ఇంటికి చంద్రిక తనే ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఊరికి పోయి ఉంటే ఈపాటికి రాజంపేటలో మేనమామ ఇంట్లో మామిడి తాండ్ర తింటూ ఉండేవాళ్లం, నా వల్ల ఇక్కడ ఇరుక్కున్నాం అనుకుంది. అమ్మ ఒక్క మాటయినా అనదు. తిట్టినా బాగుండేది. అంకాలమ్మ ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు డబ్బాల్లో పోసి మూతలు బిగించి, వండేది తగ్గించింది.

తగ్గించనిది పెద్దమామా ఇడ్లీ ఒక్కటే. పెద్దమామాకు పళ్లు లేవు. రొట్టె నమలలేదు, అన్నం అరగదు. అంకాలమ్మ ఎప్పుడో అలవాటు చేసిన ఇడ్లీని ఖర్జూరపు పాకంలో ముంచుకుని తింటుంది. మంచం పట్టాక మరీను, అది తప్ప వేరే ముట్టదు. ఇంట్లో మినప్పప్పంతా ముసలామెకే దాచిపెట్టింది. పొద్దున నానబోయడం, సాయంత్రం రుబ్బడం, మర్నాడు పొద్దున రెండు ఇడ్లీలు తీసి ఆమె నోట్లో పెట్టడం.

ఆగస్టు సగమయ్యాక ఇంకో కబురు వచ్చింది. ఇంగ్లండు, అమెరికా పాస్‌పోర్టులున్నవాళ్లను పట్టుకుని ఇరాక్ తీసుకుపోతున్నారు. దాచిన ఇంటివాళ్లను కాల్చేస్తారట. గంగులయ్య ముఖం తెల్లబోయింది.

"ఆ గుర్రంది యాడ పెట్టినావు పాపా?"

"నా పుస్తకాల్లో."

"ఖలాస్. తగలబెడతాం."

చంద్రిక ఏడ్చింది. తగలబెడితే లండన్ కాలేజీ తగలబడినట్టే. ఏడుస్తున్నది భయంతో అని వాళ్లనుకున్నారు, ఆమె అనుకోనిచ్చింది. చివరికి పెద్దమామాయే చెయ్యి చాపి దాన్ని తీసుకుని, తన పరుపు కింద, సరిగ్గా నడుము కింద పెట్టించుకుంది. "నన్ను కదిపే మగాడు ఇంకా పుట్టలేదు" అంది అరబ్బీలో.

సైనికులు మధ్యాహ్నం పూట వచ్చారు. గదులన్నీ వెతికారు. ఇనప్పెట్టెను గునపాలతో పొడిచి, తెరుచుకోకపోతే గోడలోంచి పెకలించి ఎత్తుకుపోయారు. అందులో మూడు సింహాలవి మూడూ పోయాయి. అధికారి చంద్రిక ముందు ఆగాడు. ఆమె జీన్స్ వేసుకుని ఉంది.

"ఏ దేశం?"

"ఆనా హిందియ్యా," అంది చంద్రిక. నేను ఇండియా పిల్లను అని. పద్దెనిమిదేళ్లలో ఆ మాట అంత తొందరగా ఎప్పుడూ చెప్పలేదు.

"పాస్‌పోర్టు?"

గంగులయ్య వాళ్లు మోసుకుపోతున్న పెట్టెను చూపించాడు. అధికారికి నమ్మకం కుదరలేదు. అప్పుడు పెద్దమామా మంచం మీంచి మొదలుపెట్టింది. ఈ పిల్ల నాకు మందులు వేసే పిల్ల, వీళ్లమ్మ నాకు తిండి పెట్టే మనిషి, వీళ్లను తీసుకుపోతే నన్నూ మంచంతో సహా ఎత్తుకుపోండి, నా మలమూత్రాలు మీరే ఎత్తండి అని కేకలేసింది. అధికారి ముక్కు పట్టుకుని బయటికి నడిచాడు. వాళ్లు పోయాక చంద్రిక ఆమె మంచం అంచుకు తల ఆనించింది. "బిన్తీ," అని తల నిమిరింది పెద్దమామా. నా కూతురా అని.

సెప్టెంబరు మొదట్లో రేడియోలో మాట మారింది. ఇంగ్లండు ఆడవాళ్లనూ పిల్లల్నూ వదిలేస్తారట. జాబ్రియాలోనే ఒక సూపర్ మార్కెట్ ముందు నుంచి బస్సు, బాగ్దాదు మీదుగా విమానంలో లండన్. నిన్నటిదాకా ప్రాణం తీసే పాస్‌పోర్టు ఇవాళ బయటపడే దారి అయింది.

చంద్రిక ఒళ్లు ఝల్లుమంది. సంతోషం అది. నిజంగా సంతోషమే. అది తెలియగానే సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది, వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు కడిగింది.

గంగులయ్య పొద్దున్నే నడిచి పోయి, ఎండెక్కాక వచ్చాడు. చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వు ఆ బస్సెక్కు పాపా. ఆడ మామా ఉండాది. కాలేజీ ఉండాది."

"మీరు?"

"మాకేమి? పాస్‌పోర్టు లేకపోయినా ఎంబసీవాళ్లు కాగితం రాసిచ్చినారు. అదే దినం మద్దేనం మనోళ్ల బస్సు ఉండాది. అమ్మాను దాకా బస్సు, ఆడినించి బొంబాయికి ఇమానం. నీకంటే ముందే మేం ఇల్లు చేరతాం చూడు."

కాగితం చూపించమని చంద్రిక అడగలేదు. నాయన జేబు వైపు మాత్రం ఒకసారి చూసింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది, జేబు బల్లపరుపుగా ఉంది.

"పెద్దమామా?"

"అబూ సాలెం వచ్చి తీసుకుపోతాడంట," అంది అంకాలమ్మ, గంగులయ్య నోరు తెరవకముందే. "మీ నాయన పోయి కలిసొచ్చినాడు. ఏమయ్యా, కలిసినావు గదా?"

"ఆఁ. కలిసినా."

రుమైథియా ఫోను నంబరు చంద్రికకు నోటికొచ్చు. ఫోను ఆ గదిలోనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చెయ్యి చాపలేదు.

"నేనూ మీతోనే వస్తా," అంది. "తిరుపతిలో చేరతా. మీతోనే బస్సెక్కుతా."

మెల్లగా అంది. పోనీలే, సరే రా అంటారేమోనని భయపడింది. తల్లిదండ్రులను ఒక మాట అడిగి, ఆ మాటకు ఔననకూడదని మొక్కుకున్న కూతురు ఇంకెక్కడైనా ఉంటుందా అనిపించింది.

"తిరుపతి యాడికి పోతాది మే, కొండ ఆడ్నే ఉంటాది," అని నవ్వాడు గంగులయ్య. "పుట్టినప్పుడే ఆ దేశం నిన్ను రాసుకునింది. పో. మనోళ్లలో ఒక్కరన్నా అట్లాంటి కాలేజీ మెట్లెక్కనీ."

"పోమ్మా. నాకు నిమ్మళంగా ఉంటాది," అంది అంకాలమ్మ. అని, కళ్లెత్తి కూతుర్ని చూడలేదు. కళ్లలోకి చూసి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. ఆ సంగతి చంద్రికకు చిన్నప్పటినుంచీ తెలుసు. సరే అంది.

పోయే రోజు పొద్దున అంకాలమ్మ కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని జడేసింది. రెండు చీరలు, నాలుగు గుడ్డలు తన సంచిలో పెట్టి గుమ్మం దగ్గర పెట్టింది. మధ్యాహ్నం బస్సుకట. ఆ సంచి ఎంత చిన్నదో చంద్రిక చూసింది. ఊరికి పోయేటప్పుడు అమ్మ పెట్టెలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు, తాళ్లతో కట్టి, మీద కూర్చుని మూయాల్సినవి. యుద్ధంలో పోయేవాళ్లు పెట్టెలు మోస్తారా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

దాహమేసి వంటింట్లోకి పోయింది. నీళ్ల కూజా పక్కన, గట్టు మీద, రెండు గిన్నెలు మూతలు పెట్టి ఉన్నాయి. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు, చిన్నదాని మూత తీసింది.

మినప్పప్పు. అప్పుడే పోసిన నీళ్లు, పైన ఇంకా నురగ తేలుతోంది. పెద్ద గిన్నెలో బియ్యం.

మధ్యాహ్నం బస్సెక్కే మనిషి పొద్దున మినప్పప్పు నానబోయదు. ఇవాళ నానితే సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులవాలి, రేపు పొద్దున ఇడ్లీ వేయాలి. రేపు పొద్దున ఈ ఇంట్లో ఇడ్లీ తినే మనిషి ఉంటుంది. వేసిపెట్టే మనిషి కూడా ఉంటుంది. అబూ సాలెం రాడు. అతను మొదటి వారంలోనే సౌదీకి పారిపోయి ఉంటాడు. కాగితం లేదు, బస్సు లేదు. ఇంట్లో ఏం అబద్ధమాడినా, ముసలామె రేపటి తిండి మాత్రం మరిచిపోలేదు అమ్మ.

గిన్నె ముందు నిలబడిపోయింది చంద్రిక. గట్టిగా అరవాలనిపించింది. నాకోసం ఆగారు, ఆగబట్టే ముసలామె మీ మీద పడింది, పడబట్టే ఇక్కడ చచ్చేదాకా ఉంటారా అని అమ్మ భుజాలు పట్టి ఊపాలనిపించింది. పక్క గదిలోనే ఉంది అమ్మ. ఒక్క పిలుపు చాలు. కానీ అడిగితే ఉండిపోవాలి. అడిగి, నిజం విని, ఆ తర్వాత బస్సెక్కే ధైర్యం ఏ కూతురికీ ఉండదు. అడగకుండా ఉంటే ఎక్కొచ్చు.

మూత మళ్లీ పెట్టేసింది. చప్పుడు కాకుండా పెట్టింది. నీళ్లు తాగడం మర్చిపోయింది.

పెద్దమామా పరుపు కింద చెయ్యి పెట్టి పాస్‌పోర్టు తీసిచ్చింది. ముసలామె ఒంటి వేడికి అట్ట కాస్త వంగి ఉంది. "నా కూతురికి చెప్పు," అంది, "నాకేం లోటు లేదని, నన్ను చూసుకునేవాళ్లు ఉన్నారని." చంద్రిక తల ఊపింది. ఆ చెయ్యి ముద్దు పెట్టుకుంటే నోటికి ఉప్పగా తగిలింది, తన కన్నీళ్లే.

గంగులయ్య గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. మగవాళ్లను రోడ్డు మీద ఆపి పట్టుకుపోతున్నారు, అందుకని రావట్లేదన్నాడు. మరి మధ్యాహ్నం ఎట్లా పోతావు నాయనా అని అడగొచ్చు. ఆమె వంగి కాళ్లకు మొక్కింది. "బాగా చదువుకో పాపా," అన్నాడు.

సూపర్ మార్కెట్ దాకా అంకాలమ్మ వెంట వచ్చింది. దాని ముందు తెల్లవాళ్లు, కొందరు నల్లవాళ్లు, సంచులు, ఏడ్చే పిల్లలు. సైనికుడు పాస్‌పోర్టు చూసి, చంద్రికను చూసి, మళ్లీ పాస్‌పోర్టు చూశాడు. లండన్ అని రాసి ఉన్నచోట వేలు పెట్టి, పో అన్నట్టు తల తిప్పాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. కింద అంకాలమ్మ కొంగు తలమీద కప్పుకుని నిలబడి ఉంది. మాటిమాటికి ఇంటి వైపు చూస్తోంది.

"తిరుపతి సీటు వద్దని మునీంద్రకు చెప్తాంలే. నువ్వు దాని గురించి పెట్టుకోవద్దు," అంది అంకాలమ్మ కిటికీ దగ్గరికి వచ్చి.

"సరే మా."

"మామా దగ్గర మాట పడొద్దు. పిల్లల్ని బాగా చూసుకో. చదువు యిడిసిపెట్టొద్దు."

"సరే మా."

"మేం చేరినాక ఆడినించి కబురు చేస్తాం. యెదురుచూస్తా కూర్చోవద్దు, ఆలస్యం అవుతాది."

చంద్రిక కిటికీ ఊచ పట్టుకుంది. దిగడానికి తలుపు ఇంకా తెరిచే ఉంది. ముందు సీట్లో ఒక తెల్లావిడ పాపకు నీళ్లు తాగిస్తోంది. ఆ పాప తాగడం అయ్యేదాకా చూసింది. డ్రైవరు ఎక్కాడు. సైనికుడు తలుపు వేసి, అరచేత్తో రేకు మీద కొట్టాడు. బస్సు ముందుకు కదిలింది. అంకాలమ్మ చెయ్యి ఎత్తి ఊపుతూ పక్కనే నాలుగు అడుగులు నడిచింది.

అప్పుడు చంద్రిక తల బయటికి పెట్టి కేకేసింది.

"మా! ఎండ ఎక్కువుండాది, పప్పు బిరీన నానతాది! పోతానే రుబ్బేయ్!"

అంకాలమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ముఖంలో కోపం లేదు, ఉంటే చంద్రిక కొంచెం ఊపిరి పీల్చుకునేది. దొరికిపోయిన పిల్లలాగా ఉంది అమ్మ ముఖం. తర్వాత ఆమె ఆ చెయ్యే మళ్లీ ఊపింది, పో, పో అని.

వంటింట్లోనే అడిగి ఉండొచ్చు. బస్సు నిలబడి ఉన్నంతసేపూ అడిగి ఉండొచ్చు. కదిలేదాకా ఆగి, దిగే వీల్లేనప్పుడు ఆ మాట బయటపెట్టిందని చంద్రికకు తెలుసు. ఇప్పుడు అమ్మకూ తెలుసు.